కడగక ముందు ఒక కొలత

బస్సు రోడ్డు దిగి పొలంలో పడిందన్న కబురు వచ్చేసరికి నేను ఆదోనిలో మా ఆఫీసు వసారాలో కూర్చుని క్యారియరు విప్పుతున్నాను. కబురు తెచ్చింది మా గ్యాంగు మేస్త్రి. సైకిలుకు స్టాండు కూడా వేయకుండా వదిలేసి మెట్లెక్కాడు. వెనకాల అది దభీమని పడినా తిరిగి చూడలేదు.

"అమ్మా, మన మలుపు కాడ తొలి చినుకులకు ఎమ్మిగనూరు బస్సు జారినాది. పక్కకు ఒరిగి రేగట్లో పడినాది."

"మనుషులు?"

"పానాలు పోలేదు. ఒకామెకు చెయ్యి ఇరిగినాది. ఇంకొకాయనకు తలకాయ పగిలి కుట్లు ఏసినారు. మిగతావాళ్లకు పైపై దెబ్బలే."

ప్రాణాలు పోలేదు కదా అని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ పోలేదనే చెప్పాడు. క్యారియరు మళ్లీ మూత పెట్టేశాను.

మన మలుపు అని మేస్త్రి ఊరికే అనలేదు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఒక రాళ్ల గుట్టను చుట్టుకుంటూ రోడ్డు ఎడమకు తిరిగే చోటు అది. రెండు నెలల ముందే, నడి వేసవిలో, అక్కడ దగ్గర దగ్గర ఒక మైలు పొడవున కొత్తగా తారు వేయించాం. దగ్గరుండి వేయించింది నేను. 1980ల తొలినాళ్లు. మాది కోడుమూరు. పాలిటెక్నిక్ చదివి, రోడ్ల డిపార్టుమెంటులో సూపర్‌వైజరుగా చేరి అప్పటికి రెండో ఏడు. ఆదోనిలో మా మేనత్త ఇంట్లో ఉండేదాన్ని. సైటు మీద నన్ను అందరూ ఓవర్సీరమ్మ అనేవాళ్లు. అంతకు ముందు ఆ పక్క రోడ్ల మీద నిలబడి పని చేయించిన ఆడమనిషిని వాళ్లు చూడలేదు.

రోడ్డు పైపొర వేయడం చెప్పుకోవడానికి తేలిక. కాగిన తారు చిమ్మి, దానిమీద చిన్న కంకర పరిచి, రోలరుతో తొక్కిస్తారు. తారు తక్కువైతే కంకర లేచిపోతుంది. ఎక్కువైతే కంకర అందులో మునిగిపోయి, ఎండకు తారు పైకి తేలి అద్దంలా మెరుస్తుంది. దాని మీద చినుకు పడితే టైరు పట్టు తప్పుతుంది. ఇదంతా నాకు పుస్తకంలోనూ తెలుసు, పనిలోనూ తెలుసు. అందుకే నా భయం ఊరికే పుట్టింది కాదు.

ఆ మలుపు పని జరుగుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నాకు వడదెబ్బ తగిలినట్టయి కళ్లు తిరిగాయి. మేస్త్రి నన్ను రోలరు నీడన కూర్చోబెట్టి, తడిగుడ్డ తెచ్చి తలమీద వేశాడు. గంటసేపు లేవలేకపోయాను. ఆ గంటలో ఎంత తారు పోశారో నేను చూడలేదు. సాయంత్రం పుస్తకంలో మాత్రం అంతా సరిగా జరిగినట్టే రాసి సంతకం పెట్టాను. ఈ సంగతి మేస్త్రికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. బస్సు పడిందని విన్నప్పటి నుంచి నాకు ఆ గంటే కళ్లముందు ఆడింది.

మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కి మలుపు చూడటానికి పోయాను. నా ముందు సీట్లో ఇద్దరు పత్తి వ్యాపారులు దాని గురించే మాట్లాడుకుంటున్నారు. వెనకాల కూర్చున్నది ఎవరో వాళ్లకు తెలియదు.

"ఆడపిల్ల నిలబడి ఏపిచ్చిన రోడ్డంటప్పా అది. జారకుంటే ఏం చేస్తాది?"

"రోడ్డుదేముంది, డ్రైవరు తోలినాడు అడ్డదిడ్డంగా. వాన్ని ఇంటికి పంపిచ్చినారంట ఆల్రెడీ."

నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. దిగాల్సిన చోట దిగబుద్ధి కాలేదు. ఎమ్మిగనూరు దాకా పోయి, స్టాండులో ఒక టీ తాగి, అదే దారిన వెనక్కొచ్చేశాను. ఆ పిరికితనం ఇప్పటికీ నాకు గుర్తే.

ఆ డ్రైవరు వారం తర్వాత మా ఆఫీసుకే వచ్చాడు. ఆదోని మనిషి, ముసల్మాను, యాభైకి దగ్గరలో ఉంటాడు. తెల్లచొక్కా, లుంగీ. ఖాకీ బట్టలు లేకుండా బయట తిరగడం అలవాటు లేనివాడిలా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడుతున్నాడు. విచారణ తేలేదాకా డ్యూటీ లేదన్నారట. మా ఇంజనీరుగారి గది ముందు బెంచీ మీద కూర్చున్నవాడు నన్ను చూసి లేచాడు.

"మీరేనా అమ్మా ఆ రోడ్డు ఏపిచ్చింది?"

అవునన్నాను.

"స్పీడు లేదు బేటీ. ఖుదా కసమ్. ఇరవై ఏండ్లు తోలినా ఆ దారిన. మలుపు కాడ గేరు మార్చినా, బ్రేకు మీద కాలు మెల్లగా పెట్టినా. అంతే. బండి నా మాట వినలేదు. సబ్బు మీద కాలు పెట్టినట్ల పోయినాది."

నన్ను తిట్టడానికి వచ్చాడేమోనని బిగుసుకుపోయి ఉన్నాను. తిట్టలేదు. రోడ్డు బాగాలేదని కూడా అనలేదు. జరిగింది ఎవరైనా వింటే చాలన్నట్టు చెప్పి, మళ్లీ కూర్చున్నాడు. వేగంగా తోలాడని బస్సువాళ్ల ఆఫీసు అంటోంది. రోడ్డులో తప్పేం లేదని మా ఆఫీసు అంటోంది. రెండు ఆఫీసుల మధ్యా ఉత్తరాలు నడిచాక, విచారణ చేసే అధికారి ఒక మాట తేల్చాడు. రోడ్డు జారుతుందో లేదో యంత్రం పెట్టి కొలవండి, ఆ కాగితం నాకు పంపండి అని.

యంత్రం హైదరాబాదులో ఉండేది, మా డిపార్టుమెంటు ప్రయోగశాలలో. దాన్ని తీసుకుని ఒక పెద్దాయన వచ్చాడు. కృష్ణా జిల్లా వైపు మనిషి. రిటైరుకు దగ్గరపడ్డ ల్యాబు అసిస్టెంటు. చిన్న ట్రంకుపెట్టె అంత చెక్కపెట్టె, దాని మూలలకు ఇత్తడి రేకులు. కర్నూలు స్టాండులో దాన్ని బస్సు మీద నుంచి దించేటప్పుడు కూలీ పట్టు వదిలితే, పెట్టె కింద పడకుండా చేయి అడ్డం పెట్టాడట. పెట్టెకు ఏమీ కాలేదు. ఆయన కుడి మణికట్టు మాత్రం జామకాయలా వాచిపోయి ఉంది.

"ఈ చేత్తో నేను స్క్రూలు తిప్పలేనమ్మాయ్," అన్నాడు ఆఫీసులో పసుపు పట్టు వేయించుకుంటూ. "నువ్వు చెయ్యాలి. నేను చెబుతాను, అంకెలు రాసుకుంటాను."

"ఆ రోడ్డు వేయించింది నేనేనండీ," అన్నాను. చెప్పకుండా ఉంటే తప్పనిపించింది.

ఆయన నన్నొకసారి చూశాడు. "అయితే ఇంకా జాగ్రత్తగా చేస్తావు. అంకె చదివేది నేనేగా. పద."

పొద్దున తొమ్మిదింటికల్లా జీపులో మలుపు దగ్గరకు చేరాం. మేస్త్రి ఎర్రజెండాలతో ఇద్దరు కూలీలను రెండు వైపులా నిలబెట్టాడు. డ్రైవరును కూడా రమ్మన్నారు, బస్సు ఎక్కడ జారిందో చూపించడానికి. ఆయన అప్పటికే వచ్చి గుట్ట పక్కన రాతి మీద కూర్చుని ఉన్నాడు. లేచి వచ్చి, "ఈడ" అని కాలితో చూపించాడు. సుద్దముక్కతో అక్కడ గీత గీశాను. దానికి ముందూ వెనకా ఇంకో నాలుగు గీతలు గీశాను. ఐదో గీత గీయబోయి ఆగాను. నేను రోలరు నీడన పడి ఉన్న గంటలో తారు పోసిన చోటు అదే. అక్కడ రోడ్డు కాస్త నల్లగా మెరుస్తూనే ఉంది. గీయకుండా వదిలేయొచ్చు. ఎవరూ అడగరు. మేస్త్రి నా వైపు చూసి, తల దించుకున్నాడు. గీశాను.

పెట్టె తెరిస్తే లోపల ఆకుపచ్చ గుడ్డ మీద యంత్రం ముక్కలు ముక్కలుగా ఉంది. పెద్దాయన చెబుతుంటే బిగించాను. మూడు కాళ్ల పీట, మీద నిలువుగా ఒక ఇనప స్తంభం, దాని తలకు వేలాడే ఒక పొడవాటి ఇనప చెయ్యి. ఆ చేతి చివర అరచేతి వెడల్పు రబ్బరు ముక్క. పక్కన విసనకర్రలా విచ్చుకున్న అంకెల పలక, దాని మీద ఒక సన్నటి సూది. చెయ్యిని పక్కకు అడ్డంగా ఎత్తి వదిలితే గడియారం లోలకంలా కిందికి ఊగి, రబ్బరుతో రోడ్డును రాసుకుంటూ అవతలికి లేస్తుంది. రోడ్డు గరుకుగా ఉంటే రాపిడికి ఊపు చచ్చిపోయి చెయ్యి అంత ఎత్తు లేవదు, సూది పెద్ద అంకె దగ్గరే నిలిచిపోతుంది. రోడ్డు నున్నగా ఉంటే చెయ్యి విసురుగా పైకి పోతుంది, సూది చిన్న అంకె దాకా పోతుంది. టైరుకు రోడ్డు ఎంత పట్టు ఇస్తుందో ఆ అంకె చెబుతుంది. మలుపుల దగ్గర అరవై ఐదుకు తగ్గకూడదని పుస్తకం.

చూడటానికి ఆటబొమ్మలా ఉంటుంది గానీ నిలబెట్టడం మామూలు పని కాదు. పీటకు మూడు స్క్రూలు. ఒకటి తిప్పితే రెండోది చెడుతుంది. మధ్యలో ఉన్న గాజు గొట్టంలో నీటిబుడగ సరిగ్గా నడిమికి రావాలి. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, చీర కొంగు నడుముకు చుట్టి, బుడగను బతిమాలుకున్నాను.

"తొందరపడకు అమ్మాయ్. అది తొందరకు లొంగదు," అన్నాడు పెద్దాయన గొడుగు నా తల మీదకు జరుపుతూ.

బుడగ కుదిరాక, రబ్బరు నేలకు తగలకుండా చెయ్యిని గాలిలో ఊపి చూడాలి. సూది సున్న దగ్గర ఆగాలి. ఆగలేదు, నాలుగు దగ్గర ఆగింది. సూది కీలు దగ్గరి బిగింపు కొంచెం వదులు చేశాను. రెండు. ఇంకొంచెం. సున్న. తర్వాత చెయ్యిని కొంచెం కొంచెంగా దించి, రబ్బరు రోడ్డును ఎంత పొడవున రాసుకుంటుందో స్కేలుతో చూశాను. ఐదంగుళాల కన్నా వెంట్రుకవాసి ఎక్కువా కాకూడదు, తక్కువా కాకూడదు. ఇదంతా ఒక్క గీత దగ్గరే. ఐదు గీతలకూ ఐదుసార్లు మళ్లీ మొదటి నుంచీ చెయ్యాలి.

కొలవాలంటే నీళ్లు కావాలి. తెచ్చుకున్న రెండు క్యాన్లూ మొదటి గీతకే సగం అయిపోయాయి. పక్క పొలంలో బావి ఉంది. ఆ పొలం తాలూకు ముసలావిడ బిందె చంకన పెట్టుకుని అప్పటికే గట్టు మీద నిలబడి మమ్మల్ని చూస్తోంది.

"నీళ్లు యాటికి పాపా?" అని అడిగింది నన్ను.

"రోడ్డు కడిగి, తడిపి కొలవాల అవ్వా. జారతాదో లేదో చూడాల."

"దానికి ఇంత పెద్ద గడియారమా?" అంది గానీ, బిందెలతో నీళ్లు పోస్తూనే ఉంది.

పుస్తకం ప్రకారం ముందు రోడ్డును చీపురుతో ఊడ్చి, బ్రష్షుతో తోమి, శుభ్రంగా కడగాలి. ఆ తర్వాత తడి మీద కొలవాలి. అలాగే చేశాం. మేస్త్రి కడిగాడు, నేను తడిపి చెయ్యిని వదిలాను. రబ్బరు రోడ్డును చర్రుమని రాసుకుని పైకి లేచింది. తిరిగి వచ్చే చెయ్యిని నేలకు తగలకముందే పట్టుకున్నాను. పెద్దాయన కళ్లజోడు పైకి తోసి వంగి చూశాడు.

"అరవై ఆరు."

మళ్లీ ఊపాను. అరవై ఏడు. మళ్లీ అరవై ఏడు. ఐదుసార్లూ అరవై ఐదుకు పైనే. బస్సు జారిన చోటు అది. నా ఒళ్లంతా ఒక్కసారిగా తేలికైపోయింది. రెండో గీతా బాగుంది. మూడూ, నాలుగూ బాగున్నాయి. ఐదో దాని దగ్గర చెయ్యిని వదిలాను. యాభై రెండు. ఐదుసార్లు ఊపినా యాభై రెండూ యాభై మూడే. తారు తేలిన చోటు. కానీ అది మలుపు దాటాక రోడ్డు అంచున ఉంది, గట్టిగా రెండు గజాల చోటు. బస్సు చక్రం దాని దగ్గరికి కూడా రాలేదని డ్రైవరే చెప్పాడు.

"మలుపు బాగుందమ్మాయ్," అన్నాడు పెద్దాయన కాగితం మడుస్తూ. "ఆ చివర ముక్క సరిచేయించుకో. రోడ్డు మీద తప్పు లేదని రాసిస్తాను."

మేస్త్రి ముఖం విప్పారింది. నేను నిలబడి నడుము పట్టుకుని వెనక్కి వంగాను. అప్పుడు కనిపించాడు డ్రైవరు. రాతి మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడు. రోడ్డు బాగుందంటే ఇంక మిగిలింది ఆయనే కదా. నాకు కలిగిన తేలిక ఆయన మీద బరువై పడిందని అప్పుడు తెలిసింది.

ఆయన మెల్లగా లేచి, తోమి కడిగిన చోటికి వచ్చి, చెప్పు విడిచి కాలు పెట్టి చూశాడు.

"ఆ పొద్దు రోడ్డు ఇట్ల లేదు బేటీ," అన్నాడు. వాదించినట్టు కాదు. తనలో తాను అనుకున్నట్టు.

బిందె దించి నిలబడ్డ అవ్వ గట్టిగా నవ్వింది. "ఇట్ల యాడుంటాది? ఈయమ్మ తలకు పోసినట్ల తోమి తోమి కడిగిస్తాండాది. కడిగినాక జారతాదా? మేము పడేది కడగకముందు. నిన్న గాక మొన్న రెండు చినుకులు పడితే నేనే ఈడ బిందెతో పడినా."

పెద్దాయన, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

అప్పుడు చూశాను రోడ్డును, కొత్తగా. మలుపు సరిగ్గా మొదలయ్యే చోట పొలాల నుంచి ఒక బండిదారి వచ్చి రోడ్డును దాటుతుంది. ఆ దారి పొడవునా నల్లరేగడి. వానలకు ముందు చెరువు మట్టి, పెంటదిబ్బ ఎరువు పొలాలకు తోలే బండ్లు, దున్నడానికి పోయే బండ్లు, అన్నీ ఆ దారినే. చక్రాలకు అంటిన రేగడి రోడ్డెక్కగానే రాలిపోతుంది. ఎండకు ఎండి, లారీల కింద నలిగి, పౌడరులా పరుచుకుంటుంది. మేం కడిగిన చోట తప్ప మిగతా రోడ్డంతా సన్నటి బూడిదరంగు పొర ఉంది. పొద్దున్నుంచి దాని మీదే మోకాళ్లూని కూర్చున్నాను. దుమ్మే కదా అనుకున్నాను. పెద్ద వాన పడితే అదంతా కొట్టుకుపోతుంది. రెండు చినుకులే పడితే జిగురవుతుంది. బస్సు జారింది తొలకరి తొలి చినుకుల్లో.

"కడగకుండా కొలుద్దామండీ," అన్నాను.

"పుస్తకంలో అలా లేదమ్మాయ్. కడిగే కొలవాలి. రోడ్డు గుణం తెలియాలంటే మురికి ఉండకూడదు."

"బస్సు మురికి మీదే కదండీ పోయింది."

ఆయన వాచిన మణికట్టు రెండో చేత్తో పట్టుకుని బండిదారి వైపు కాసేపు చూశాడు. నేను అడిగిన దాంట్లో నాకు లాభం లేదని ఆయనకు తెలుసు. నా చేతిలో అప్పటికే మంచి కాగితం ఉంది.

"రెండూ రాద్దాం," అన్నాడు చివరికి. "కడిగిన అంకె ఒక వరసలో, కడగనిది ఒక వరసలో. ఏది ఏమిటో స్పష్టంగా రాద్దాం. చదువుకునేవాళ్లు చదువుకుంటారు. కానీ ఒక్కటి. ఒకే చోట ఐదుసార్లు ఊపితే రబ్బరే మట్టిని తుడిచేస్తుంది. ఊపిన ప్రతిసారీ కొత్త చోటు కావాలి."

అంటే ప్రతి ఊపుకూ యంత్రం ఎత్తి జరపాలి. మళ్లీ మూడు స్క్రూలు, మళ్లీ బుడగ, మళ్లీ సున్న, మళ్లీ ఐదంగుళాలు. పొద్దు నడినెత్తికొచ్చింది. మేస్త్రి యంత్రం ఒక పక్క పట్టుకున్నాడు. రెండో పక్క డ్రైవరు పట్టుకున్నాడు.

అవ్వను నీళ్లు పోయొద్దని, చేత్తో చిలకరించమన్నాను. కళ్లాపి చల్లినట్టు చల్లింది. బూడిదరంగు పొర నల్లబడి మెరిసింది. చెయ్యిని వదిలాను.

ఈసారి చర్రుమన్న చప్పుడే లేదు. ఇనప చెయ్యి గాలిలో ఊగినంత తేలిగ్గా అవతలికి లేచింది. అంత పైకి పోతుందని అనుకోలేదు, పట్టుకోవడం కొంచెంలో తప్పేది.

పెద్దాయన వంగి చూశాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"ముప్పై నాలుగు."

ఎర్రజెండా కూలీ కూడా జెండా దించి చూస్తున్నాడు. అవతల ఒక లారీ హారను కొడితే గానీ మేం కదలలేదు.

ఐదు చోట్ల కొలిచాం. ముప్పైలు దాటలేదు. ఐదింటినీ అక్కడికక్కడే కడిగి మళ్లీ కొలిచాం. అరవై ఐదూ అరవై ఏడూ. నా రోడ్డు రోడ్డులాగే ఉంది. ఆయన బ్రేకు బ్రేకులాగే వేశాడు. మధ్యలో ఉన్నది గోరుమందం రేగడి.

డ్రైవరు రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమోనని పక్కకు తిరిగాను. కాసేపటికి చేతులు తీసి, "యా అల్లా," అని గట్టిగా ఊపిరి వదిలి, "మూడు వారాలాయ బేటీ, నాకు నేనే నమ్మకుండా పోయినా. నిజంగానే జోరుగా తోలినానేమో, మతికి లేదేమో అనుకుంటి," అన్నాడు.

నాకూ అంతేనని చెప్పాలనిపించింది. క్యాన్లో మిగిలిన నీళ్లు గ్లాసులో పోసి ఇచ్చాను. తాగాడు.

అవ్వ మాత్రం సంతోషంగా లేదు. బిందె చంకనెత్తుకుని నా దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "పాపా, నేను నోరుజారి సెప్పినా. ఇంక మా బండ్లు ఈ దోవన రానీకుండా చేస్తారా ఏంది? మా పొలానికి వేరే దోవ లేదు."

నాకు తట్టని సంగతి అది. తనకు నష్టం రావొచ్చని ఆలోచించకుండా, ఉన్నమాట అనేసింది. "బండ్లు ఆపరు అవ్వా. దోవ మీద గరుసు, అదే ఎర్ర రాళ్లమట్టి, ఏపిస్తాం. బండి రోడ్డెక్కకముందే చక్రాలకున్న మట్టి ఆడనే రాలిపోతాది," అన్నాను. అనేశాను గానీ, అలా చేయించే అధికారం నాకు లేదు. అవ్వ నమ్మిందో లేదో, పోయి ఉల్లిపాయ, రాగిసంకటి తెచ్చి పెద్దాయనకూ నాకూ పెట్టింది. ఆ పూట తిన్న తిండి రుచి నాకు చాలాకాలం నాలుక మీద ఉంది.

రెండు రోజుల తర్వాత మా ఇంజనీరుగారి ముందు రిపోర్టు పెట్టాను. పెద్దాయన సంతకం పైన ఉంది, నాది కింద. ఇంజనీరుగారు నిదానంగా చదివి, చివరి పేజీ దగ్గర ఆగాడు.

"కడిగిన కొలత అడిగారు, ఇచ్చావు. కడగనిది ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు సార్. బస్సు పోయింది దాని మీద."

"ఈ ఐదో గీత ఏంటి? యాభై రెండు?"

అప్పుడు చెప్పేశాను. వడదెబ్బ, రోలరు నీడ, గంట, పుస్తకంలో సంతకం, అన్నీ. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"దీంట్లో అబద్ధం ఏమన్నా ఉందా?"

"లేదు సార్."

"అయితే పోనీ, పంపించు. నీకు మాత్రం మెమో ఇస్తాను. చూడని పనికి సంతకం పెట్టినందుకు."

ఇచ్చాడు కూడా. ఉద్యోగంలో నా మొదటి మెమో. దాన్ని చేతిలో పట్టుకుని బయటకొచ్చినప్పుడు నాకు కలిగిన నెమ్మది ఏ మెచ్చుకోలుకూ తర్వాత కలగలేదు. ఇంటికెళ్లి మా అత్తకు చూపిస్తే, "దీనికింత సంబరమేందే?" అని ఆశ్చర్యపోయింది. ఆ పూట రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను. మూడు వారాలుగా నేను సగం కంచంలోనే లేచిపోతున్నానని ఆమె గమనిస్తూనే ఉందట.

తారు తేలిన ముక్క మీద సన్న కంకర చల్లి రోలరు తొక్కించాం. గరుసు సంగతి ఇంజనీరుగారే రాయించాడు. బండిదారి రోడ్డును కలిసే చోట రెండు వైపులా అరవై అడుగుల దాకా గరుసు పోసి గట్టి చేశాం. వానల్లో వారానికి ఒకసారి మలుపు ఊడ్చే పని గ్యాంగుకు అప్పగించారు. పని జరుగుతున్నన్నాళ్లూ అవ్వ గట్టు మీద కూర్చుని, గరుసు ఎక్కడ పలచగా పడిందో మా మేస్త్రికి చెబుతూనే ఉంది. ఆయనకు ఆమె మీద విసుగు పుట్టినా, చెప్పిన చోట మరో తట్ట పోయించేవాడు.

విచారణ ఏమైందో మాకు కాగితం రాలేదు. రెండు నెలలు గడిచాయి. ఒక రోజు ఎమ్మిగనూరులో పని ఉండి ఆదోని స్టాండులో బస్సెక్కాను. ముందు సీటు ఖాళీగా ఉంటే కూర్చున్నాను. డ్రైవరు తలుపు తీసుకుని ఎక్కాడు. ఖాకీ బట్టలు, జేబుకు బిళ్ల. నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, చేయి నుదుటికి ఆనించి, స్టీరింగు ముందు కూర్చున్నాడు. ఇంజను వేశాక, చప్పుడులో, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"సోమవారం చేరినా బేటీ."

ఊరు దాటి బస్సు మంచి ఊపు మీద పోతోంది. గుట్ట కనిపించగానే ఆయన గేరు మార్చాడు. మళ్లీ మార్చాడు. రోడ్డు పొడిగా ఉంది, ఎండ ఫెళ్లున కాస్తోంది, గ్యాంగు ఊడ్చిన చీపురు గీతలు కూడా కనిపిస్తున్నాయి. అయినా బస్సు నడిచే మనిషి కంటే మెల్లగా మలుపెక్కింది. వెనక నుంచి ఒకాయన కేకేశాడు.

"ఏమప్పా, ఇదేమన్నా పెండ్లిబండా? దిగి తొయ్యమంటావా?"

బస్సంతా నవ్వులు. డ్రైవరు అద్దంలోకి చూశాడు.

"రోడ్డు బాగుందన్నా. నాకు తెలుసు," అన్నాడు. "గుండెకు ఇంకా తెల్దు. నాలుగు దినాలు ఆగు."

నాకు ఎక్కడ లేని నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. కిటికీలోంచి గరుసు దారి, దాని అవతల పొలంలో పచ్చగా లేచిన పత్తి మొక్కలు వెనక్కి జరిగిపోయాయి. మలుపు దాటాక ఆయన మళ్లీ గేరు మార్చాడు, బస్సు ఎమ్మిగనూరు వైపు పరుగందుకుంది.